ధర తగ్గించే ముందు

అమ్మలూ,

ఆ పెద్ద కంపెనీ మీ కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్ లాంటిదాన్నే సగం ధరకి దించిందని, సోమవారం నుంచి మీరూ సగానికి తగ్గిస్తున్నారని చెప్పావు. ఫోన్లో అయితే నన్ను మధ్యలోనే ఆపేస్తావు. అందుకే రాస్తున్నాను.

నేను ఉద్యోగమంతా పెద్ద కంపెనీలోనే చేశాను కదా, అటువైపు నుంచి చెప్తా విను. వాళ్ల మీటింగుల్లో రోజూ మీ పేరే నలుగుతోందని నీ భయం. అంత సీనుండదు. చిన్న కంపెనీ పేరు వస్తే గిస్తే ఏదో స్లైడులో ఒక మూలకి వస్తుంది. వాళ్ల టెన్షనంతా ఈ మూడు నెలల టార్గెట్ గురించే. ఆ సగం ధర పెట్టిన మనిషి వచ్చే ఏడాది ఆ సీట్లో ఉంటాడో లేడో కూడా తెలీదు. అక్కడ వచ్చిన నష్టాన్ని ఇంకో విభాగం లాభంతో పూడ్చేస్తారు. నీకు పూడ్చుకోవడానికి ఇంకో విభాగం ఎక్కడుంది?

1973లో అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కీ ఇదే ఎదురైంది. విమానాలు నడపడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లే. నాలుగు డబ్బులు మిగులుతున్నది డాలస్–హ్యూస్టన్ రూటులో మాత్రమే. సరిగ్గా అక్కడే బ్రానిఫ్ అనే పెద్ద సంస్థ టికెట్‌ను 13 డాలర్లకి దించింది, అంటే సగానికి సగం. సౌత్‌వెస్ట్ ఆ నిర్ణయాన్ని ప్రయాణికులకే వదిలేసింది. 13 ఇచ్చినా ఎక్కించుకుంటాం, పూర్తిగా 26 ఇస్తే ఒక మద్యం సీసా ఊరికే ఇస్తాం అంది. ఎక్కువమంది 26 ఇచ్చారు! ఆఫీసు పని మీద తిరిగేవాళ్లకి టికెట్ డబ్బు కంపెనీది, సీసా సొంతానిది మరి. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. నువ్వేదో కానుక ఇవ్వాలని కాదు నేననేది. విమానంలో కూర్చునేదెవరో, డబ్బు కట్టేదెవరో సౌత్‌వెస్ట్ వాళ్లకి తెలుసు. మీ సాఫ్ట్‌వేర్ రోజూ వాడేవాళ్లూ, బిల్లు కట్టేవాళ్లూ ఒకరేనా అని నిన్న అడిగితే నువ్వు తడుముకున్నావు. నన్ను కంగారు పెట్టింది అదే, పోటీ కాదు.

అది తెలుసుకోవడానికి సర్వేలేం పెట్టక్కర్లేదు. అమెరికాలో ఇంట్యూట్ కంపెనీ వాళ్లు తమ క్వికెన్ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ల ఇళ్లకే వెళ్లి, పక్కన కూర్చుని, ఎక్కడ తడబడుతున్నారో చూసేవాళ్లు. ఇంటి లెక్కల కోసం తయారుచేసినదాంతో జనం తమ చిన్న వ్యాపారాల లెక్కలు రాసుకుంటున్నారని గమనించాకే 1992లో క్విక్‌బుక్స్ వచ్చింది. వాళ్లకి పోటీగా 1991లో దిగింది సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్. 1994లో ఇంట్యూట్‌నే కొనేయబోయింది, ప్రభుత్వం కోర్టుకెక్కేసరికి వెనక్కి తగ్గింది. ఆఖరికి 2009లో తన ‘మనీ’ సాఫ్ట్‌వేర్ అమ్మకాలే ఆపేసింది. చిన్నవాళ్లందరి కథా ఇలాగే ముగుస్తుందని కాదులే, మునిగిపోయినవాళ్లే ఎక్కువ.

ఇంకో మాట. ఈ సంగతి టీమ్‌కి ఇంకా చెప్పలేదన్నావు. చెప్పెయ్. వాళ్లకి ఈపాటికి తెలిసే ఉంటుంది, నువ్వు దాస్తున్నావని కూడా తెలిసిపోతుంది. సౌత్‌వెస్ట్ 1972లో డబ్బుల్లేక ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేసింది. నాలుగింటి సర్వీసులు మూడింటితో నడపాలంటే దిగిన విమానం పది నిమిషాల్లో మళ్లీ గేటు వదలాలి. ఆఫీసులో కూర్చుని ఆర్డరేస్తే అయ్యే పనా అది? సామాన్లు దించేవాళ్లు, గేటు దగ్గరుండేవాళ్లు ఒప్పుకుని చేస్తేనే అవుతుంది. బ్యాంకులో ఎన్ని నెలల జీతాలకి సరిపడా ఉందో కూడా మీవాళ్లకి దాచకుండా చెప్పు.

మిమ్మల్ని వదిలి వెళ్లిన కస్టమర్లకి నువ్వే ఫోన్ చెయ్యి, సేల్స్ వాళ్లతో చేయించకు. మొదట ధరే అంటారు, మర్యాదకి. వెంటనే సర్దిచెప్పబోకుండా కాసేపు ఊరుకో, అసలు సంగతి ఆ తర్వాత బయటికొస్తుంది. ధర తగ్గిస్తున్నామన్న మెయిల్ ఆ ఫోన్లన్నీ అయ్యాకే పంపు, సోమవారం దాటినా ఫర్వాలేదు.

నాన్న