ఓపీ చీటీలో పొగాకుకు ఒక గడి

సంపాదకుల వారికి,

గుంటూరు కొత్తపేటలో గానీ విజయవాడ సూర్యారావుపేటలో గానీ ఏ క్లినిక్‌కి వెళ్లినా గోడ మీద ‘పొగ తాగరాదు’ బోర్డు కనిపిస్తుంది. ఎదుట కూర్చున్న రోగి పొగ తాగుతాడా లేదా అన్నది మాత్రం ఓపీ చీటీలో చాలాసార్లు ఉండదు. పెద్దవాళ్ల చేత పొగాకు మాన్పించే చికిత్సపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టర్లకు ఇది తెలియక కాదు. ఎవరు అడగాలో, ఎప్పుడు అడగాలో క్లినిక్‌లో ముందే అనుకోకపోవడంతోనే ఆగిపోతోంది.

అడిగే పని డాక్టరుకే వదిలేస్తే సాయంత్రం రద్దీలో ముందు ఎగిరిపోయేది అదే. బీపీ చూసే నర్సుకు అప్పగించాలి. చీటీలో బీపీ, బరువు పక్కన ఒక గడి పెట్టి ‘వాడుతున్నారు, మానేశారు, ఎప్పుడూ లేదు’ అని ఉంచితే చాలు. ‘సిగరెట్ తాగుతారా?’ అంటే చుట్ట, బీడీ తాగేవాళ్లు లేదంటారు, అందులో అబద్ధమూ లేదు. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా అని పేరుపేరునా అడగాలి. ఇంట్లోవాళ్లు పక్కన లేనప్పుడు అడగాలి. టొబాకో బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న మా గుంటూరులో ఈ మాట ఎత్తడానికి కొందరు మొహమాటపడతారు గానీ, మనం అడుగుతున్నది రోగిని, రైతును కాదు.

గడిలో టిక్కు ఉంటే డాక్టరుకు పట్టేది అర నిమిషం. వచ్చిన జబ్బుకే ముడిపెట్టి, ‘ఈ కాలి పుండు మానాలంటే బీడీ పూర్తిగా ఆపాలి’ అనాలి. ‘తగ్గించండి’ అంటే రోజుకు రెండు తాగొచ్చని అర్థం చేసుకుంటారు. మానే తేదీ రెండు వారాల లోపు ఖాయం చేసి చీటీ మీదే రాయాలి.

ఎక్కువగా చెడేది పొగాకు యావ తగ్గడానికి ఇచ్చే నికోటిన్ గమ్ దగ్గర. నిద్ర లేచిన 30 నిమిషాల లోపే మొదటిది వెలిగించేవారికి 4 మి.గ్రా., మిగతావారికి 2 మి.గ్రా. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి, యావ మాత్రం తగ్గదు. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. టీ, కాఫీ, సోడా తాగాక 15 నిమిషాలు ఆగాలి. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఇంకదు. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి వాడి, 12 వారాలకల్లా తగ్గిస్తూ ఆపాలి. రోజుకు రెండో మూడో వాడి ‘పనిచేయలేదు’ అనేవాళ్లే ఎక్కువ. పొగ మాన్పించడానికి ఇచ్చే మాత్ర బుప్రోపియాన్ అయితే మానే తేదీకి కనీసం వారం ముందే మొదలుపెట్టాలి, మూర్ఛ ఉన్నవారికి ఇవ్వకూడదు. ఆయాసానికి థియోఫిలిన్ వాడేవారు పొగ మానేస్తే రక్తంలో ఆ మందు మోతాదు పెరుగుతుంది. దాన్నీ సరిచూడాలి.

మానిన మొదటి వారంలోనే జారిపోయేవాళ్లు ఎక్కువ, కాబట్టి ఫోన్ ఆ వారంలోనే వెళ్లాలి. రిసెప్షన్‌లో తేదీల పుస్తకం ఒకటి ఉంటే సరిపోతుంది. తీరిక లేని క్లినిక్‌లు పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 నంబరును చీటీ మీద స్టాంపు వేయొచ్చు. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. సిగరెట్ పెట్టె మీద అచ్చయ్యే నంబరు అదే.

నెలాఖరున ఏవో 20 చీటీలు తీసి చూడండి. గడి ఖాళీగా ఉంటే నర్సుతో, టిక్కు ఉండి తేదీ లేకపోతే డాక్టరుతో, తేదీ ఉండి ఫోన్ వెళ్లకపోతే రిసెప్షన్‌తో మాట్లాడుకోవాలి.

— ఛాతీ వ్యాధుల క్లినిక్ కౌన్సెలర్లు, గుంటూరు