విమానాలు ఆపింది మీరు, పన్ను కట్టేది మేమా?

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారాలు.

నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర ఒక పల్లె నుంచి రాస్తున్నానమ్మా. మా వైపు ఏ వీధిలో చూసినా కువైట్ వెళ్లినవాళ్లు ఉంటారు. మా ఆయన కూడా అక్కడ ఒక కంపెనీలో సూపర్‌వైజరు. లాక్‌డౌన్ ఏడాదిలో ఆయనకు వచ్చిన కువైట్ జీతం మీద ఇక్కడ పన్ను కట్టమని నోటీసులు పంపారు. అర్జీలు పెట్టీ పెట్టీ విసుగొచ్చి చివరికి ఇలా బహిరంగంగా రాయాల్సి వచ్చింది. పోర్టల్లో ఫిర్యాదు పెట్టినప్పుడల్లా "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. ఏం పరిష్కరించారో పెట్టినవాళ్లకు మాత్రం తెలియదు.

ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే ఇక్కడి 'రెసిడెంట్' కిందికి వచ్చి, బయటి దేశంలో సంపాదించినదాని మీద కూడా ఇక్కడ పన్ను పడుతుందన్న లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 మే 8న మీ ప్రత్యక్ష పన్నుల బోర్డు చెప్పిన మాటే గుర్తుచేస్తున్నాను. లాక్‌డౌన్‌లో ఇక్కడ ఇరుక్కుపోయిన రోజులను 2019-20కి లెక్కలోకి తీసుకోబోమన్నారు. సంతోషించాం. 2020-21కి కూడా, విమానాలు మామూలుగా నడిచే తేదీ దాకా మినహాయింపు ఇస్తూ తర్వాత సర్క్యులర్ వేస్తామన్నారు. నమ్మాం.

2021 మార్చి 3న వేశారు. అందరికీ మినహాయింపు లేదట. రెండు దేశాల్లోనూ పన్ను పడుతున్నవాళ్లు మాత్రం మార్చి 31లోపు ఫారం-ఎన్ఆర్ అనే దరఖాస్తు పంపుకోవాలట. కువైట్‌లో జీతం మీద పన్నే లేదు కదమ్మా, ఇక రెండుసార్లు ఎక్కడ పడుతుంది? పైగా మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. అంటే విమానాలు ఎగరకముందే మీ మాట ఎగిరిపోయింది.

మా ఆయన 2020 ఫిబ్రవరిలో సెలవు మీద వచ్చారు. మార్చి 22న విమానాలు ఆగిపోయాయి. ఆగస్టులో కువైట్ వాళ్లు విమానాలు మొదలుపెట్టినా మన దేశం నుంచి నేరుగా రానివ్వలేదు. ఇంట్లో కూర్చున్నన్నాళ్లూ కంపెనీ పైసా ఇవ్వలేదు. నా గాజులు కుదవ పెడితే, నవంబరులో చెన్నై నుంచి దుబాయ్ పోయి, అక్కడ రెండు వారాలు గది అద్దె కట్టుకుని ఉండి, అప్పుడు కువైట్ చేరారు. ఆ తర్వాత మార్చి దాకా వచ్చిన జీతం మీదే ఈ పన్ను. దానిపైన నెలకు ఒక శాతం వడ్డీ. ఇక్కడ 182 రోజులు దాటాయి కాబట్టి ఆ ఏడాదికి ఆయన 'రెసిడెంట్' అట. ఉండాలని ఉన్నారా?

ఏళ్ల తరబడి అక్కడే ఉన్న పాతవాళ్లకు ఈ బాధ లేదు. వాళ్లు రెసిడెంటే గానీ 'నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్' (మామూలుగా ఇక్కడ ఉండనివాళ్లు) కిందికి వస్తారు, కువైట్ జీతం జోలికి మీవాళ్లు పోరు. మా ఆయన వెళ్లింది 2018లో. వీసాకు చేసిన అప్పు తీరకముందే లాక్‌డౌన్ వచ్చిపడింది. ఇల్లు కట్టుకున్నవాళ్లను వదిలేసి అప్పుల్లో ఉన్నవాళ్లను పట్టుకుంది మీ రూలు. (పాతవాళ్ల మీద కూడా వేయమని కాదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి.) ఆ ఏడాది ఆదాయం మొత్తం 5 లక్షల లోపుంటే పన్ను రిబేటులో (రాయితీలో) పోయేది. సూపర్‌వైజరు కాబట్టి దాటింది. హెల్పరుగానే ఉండిపోవాల్సిందేమో!

పన్ను ఆఫీసువాళ్లు పాస్‌పోర్టు స్టాంపులు అడిగితే ఇచ్చాం. వాటితోనే రోజులు లెక్కబెట్టి మా మీదికే తిప్పారు. విమానాలు లేవు సార్ అంటే "రూల్లో అది లేదమ్మా" అన్నారు. ఆడిటరు ఫీజు వేరే. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల చదువు సంగతి పోయి ఇదే టెన్షన్.

మిమ్మల్ని తెలుగింటి కోడలని గొప్పగా చెప్పుకుంటాం. ఆ చనువుతోనే అడుగుతున్నాను. మే 8 నాటి మాట ప్రకారం సర్క్యులర్ ఇప్పటికైనా ఇప్పించండి. లేదా కనీసం ఆ వడ్డీ అయినా తీసేయించండి. ఆ నోటీసులు ఆపించండి. ఏదీ కుదరదంటే, ఇచ్చిన మాట ఎందుకు తప్పారో మాలాంటివాళ్లకు అర్థమయ్యేలా ఒక కాగితం మీద రాయించి పంపండి.

ఇట్లు,
ఒక కువైట్ ఉద్యోగి భార్య,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా