టోపీ సంగతి అడగడం లేదు

చిరంజీవి రఘుకు నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గర నుంచి కబురు వచ్చి నేటికి నలభై మూడు రోజులు. లెక్క నాది కాదు, మీ అమ్మది. క్యాలెండరులో పాల లెక్క పక్కనే రోజూ ఒక గీత పెడుతోంది. సుబ్బారావు మావయ్య వాళ్ల బుజ్జి నీ ఫోటో ఏదో చూశాడట. అందులో నీ తల మీద తేనెరంగు ఉన్ని టోపీ, పొడుగాటిది, ఉందట. రఘు దర్వీషుల్లో, అంటే సూఫీ ఫకీరుల్లో, కలిసిపోయాడన్న మాట రెండు పూటల్లో మన వీధిలోకి వచ్చేసింది. నేను దాన్ని గురించి రాయడం లేదు. ఇస్తాంబుల్ వెళుతూ నువ్వు బీరువాలో వదిలేసిన, అక్కడి పాత సంగీతం గురించిన కాగితాలు చదివాను, వాటిని గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

టర్కీలోని ఎదిర్నె ఊళ్లో, మఫ్తిరీం అని పిలిచే యూదు కీర్తనల గాయకుల సంగతి నన్ను చాలాసేపు పట్టుకుంది. శనివారం ఉదయం ప్రార్థనకు ముందు వాళ్లు హీబ్రూ కీర్తనలను ఒట్టోమన్ మకాముల్లో, అంటే మన రాగాల్లాంటి వాటిలో, పాడుతుంటే మౌలవీ శాఖ దర్వీషులు వచ్చి వినేవారనీ, వీళ్లు దర్వీషుల ఆశ్రమానికి వెళ్లి వాళ్ల సంగీతం వినేవారనీ చదువుతుంటే, ఒకే చెరువులో నీళ్లు తోడుకునే రెండు వీధులు గుర్తుకొచ్చాయి. దర్వీషులకు నెయ్ వేణువుంది, జంట నగారాలున్నాయి. శనివారం యూదులకు విశ్రాంతి దినం, ఆ రోజు వాద్యం ముట్టకూడదు గనుక యూదులు మకాము మొత్తాన్నీ గొంతుతోనే నిలబెట్టాలి. అది చిన్న పని కాదు. నువ్వు సాధన చేసేటప్పుడు గొంతుకు వేడినీళ్లు పడుతున్నావా, లేక ఆ నల్లటి టీతోనే రోజు గడుపుతున్నావా?

నాజారా సంగతి మరీ నచ్చింది. ఇజ్రాయేల్ నాజారా అనే యూదు కవి 1587లో సఫెద్ ఊళ్లో అచ్చు వేయించిన పుస్తకంలో కీర్తనలను మకాముల వారీగా పేర్చి, ఏది ఏ తురకపాట, ఏ అరబ్బుపాట ఫక్కీలో పాడాలో పైన సూచించాడంటే, మన పాత నాటకాల పాటల పుస్తకాల్లో “అను వరుస” అని వేసినట్టే గదా! ఆయన పాటలు మంచివేనంటూనే, ఆయన తల మీద టోపీ లేకుండా కూర్చుని, తాగి, గొంతెత్తి పాడాడని ఆ కాలపు యూదు మతగురువు హయ్యీం వితాల్ తప్పుపట్టాడు. అక్కడ టోపీ తీసినందుకు మాటపడ్డాడు, ఇక్కడ... సరే, అది అడగనన్నాను.

ఈ విషయంలో మీ తాతగారి కథ నీకు పూర్తిగా చెప్పలేదనుకుంటాను. 1981లో నేను హైదరాబాదులో గదిలో ఉంటూ గురువారాలు నాంపల్లి యూసుఫైన్ దర్గాకు కవ్వాలీ వినడానికి వెళ్లేవాణ్ణి. నా గదిలోనే ఉండే ఒకాయన సెలవులకు తెనాలి వెళ్లి, మీ అబ్బాయి ఫకీరు అయిపోతున్నాడని ఊదాడు. మీ తాతగారు ఉత్తరం రాయలేదు. పంచె, కండువా, చేతిసంచిలో మీ నాయనమ్మ కట్టిచ్చిన సున్నుండలు, తిన్నగా రైలెక్కి వచ్చేశారు. గదికి తాళం ఉండేసరికి దారి అడుక్కుంటూ దర్గాకే వచ్చి, నా వెనకాల ఎప్పుడు కూర్చున్నారో కూడా నాకు తెలియదు. ముసలి కవ్వాలు ఒకే పాదాన్ని పదిసార్లు తిప్పితిప్పి పాడుతున్నాడు, డోలక్ అంతకంతకూ బిగుస్తోంది, చప్పట్లు పడుతున్నాయి. తీరా చూస్తే నా వెనక నుంచి పడుతున్న తాళం మీ తాతగారిది. నేను బిగుసుకుపోయాను. బయటికి వచ్చాక చెప్పులు వెతుక్కుంటూ ఆయన అన్నది ఒక్కటే: “వరుస బాగుందిరా, అన్నం తిన్నావా?” ఆ ఏడు శ్రీరామనవమి భజనలో ఆయన రాముడి మీద కొత్త పాట ఎత్తుకుంటే అది ఎక్కడి వరుసో పందిట్లో నాకొక్కడికే తెలుసు.

సలహాలు ఇవ్వకూడదనే అనుకున్నాను. అయినా, రికార్డింగులు విని నేర్చుకున్నది గొంతులో నిలవదు, పెద్దల ఎదుట కూర్చోవాలి. 1908లో ఎదిర్నెలో పుట్టిన సామ్యూల్ బెనరోయా చిన్నప్పుడు ఆ గాయకుల మధ్య నేర్చుకున్నాడు గనుకనే, 1925లో టర్కీ ప్రభుత్వం దర్వీషుల ఆశ్రమాలన్నీ మూయించినా, తాను జెనీవాకూ సియాటిల్‌కూ తరలిపోయినా, తొంభై ఏళ్ల దరిదాపుల్లో ఆ పాటలు పాడి రికార్డు చేయించగలిగాడు. అంత కాలం గొంతు నిలవాలంటే రాత్రి పదికి పడుకోవాలి, వేళకు తినాలి.

ఆ టోపీ అహంకారానికి సమాధిరాయి గుర్తని నీ కాగితాల్లో చదివి, మీ అమ్మకు ధైర్యం చెప్పబోయి ఆ మాటే అన్నాను. సమాధి అన్న మాట వినగానే ఏడ్చింది. రెండు రోజులుగా నాకు కాఫీ లేదు. నువ్వు స్వయంగా ఫోను చేసి నీ తల మీద ఏముందో చెబితే గాని ఈ ఇంట్లో పాలు కాగేలా లేవు. గోంగూర పచ్చడి, కందిపొడి కట్టి ఉంచింది. పార్సిలు వేయాలంటే చిరునామా అదేనా, మారిందా?

నా పాస్‌పోర్టుకు ఇంకా గడువుంది. సున్నుండలు విమానంలో రానిస్తారో లేదో కనుక్కుంటున్నాను.

ఆశీస్సులతో,
నాన్న