విషయం: మాన్యువల్ అనుబంధంలో మీరిచ్చిన గ్రామర్‌తో పార్సర్ తయారు కావడం లేదు

కస్టమర్ సపోర్ట్ విభాగాధికారి గారికి,

మీ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌లోని స్క్రిప్టు భాషకు సొంతంగా కంపైలర్ రాసుకుందామని డెవలపర్ లైసెన్సు కొన్నాను. భాష పూర్తి గ్రామర్ (ప్రోగ్రాము ఎలా రాయాలో చెప్పే రూల్స్) మాన్యువల్‌లో ఉందని, దాంతో ఎవరి టూల్స్ వాళ్లే తయారుచేసుకోవచ్చని మీ అమ్మకపు పేజీలో రాశారు. ఆ మాట నమ్మే డబ్బు కట్టాను. అనుబంధంలో ఉన్నది చదువుకోవడానికి బాగానే ఉంది. గ్రామర్ నుంచి పార్సర్‌ను, అంటే ప్రోగ్రామును చదివి దాని నిర్మాణాన్ని గుర్తించే భాగాన్ని, తయారుచేసే పార్సర్ జనరేటర్‌కు ఇస్తే మాత్రం పనికిరావడం లేదు.

పెద్ద చిక్కు ఎక్స్‌ప్రెషన్ల (2 + 3 లాంటి లెక్కల) దగ్గర. ఎక్స్‌ప్రెషన్ అంటే ఒక ఎక్స్‌ప్రెషన్, ఒక ఆపరేటర్, ఇంకో ఎక్స్‌ప్రెషన్ అని ఒక్క రూల్‌తో సరిపెట్టేశారు. దీని ప్రకారం 10 - 4 - 3 విలువ 3 కావచ్చు, 9 కూడా కావచ్చు. 2 + 3 * 4 అయితే 14 లేదా 20. ఏ ఆపరేటర్‌కు ప్రాధాన్యం ఎక్కువో, ఏది ఎడమ నుంచి కలుస్తుందో చెప్పే పట్టిక మాన్యువల్ మొత్తంలో లేదు. మీ కంపైలర్‌తో చిన్న చిన్న ప్రోగ్రాములు నడిపి, వచ్చిన జవాబులను బట్టి ఊహించుకుంటున్నాను. -2 ** 2 (ఘాతం) లాంటి చోట ఆ ఊహ మీద కూడా నమ్మకం లేదు.

ఇఫ్ షరతు నెరవేరకపోతే నడిచే ఎల్స్ సంగతీ అంతే. ఇఫ్‌లో ఇంకో ఇఫ్ ఉంటే ఎల్స్ దేనికి చెందుతుందో మీ రూల్స్ చెప్పవు. యాక్ లాంటి పార్సర్ జనరేటర్ షిఫ్ట్-రిడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్ (రెండు దారుల్లో ఏది పట్టాలో తేలని స్థితి) ఉందని చెప్పి, దగ్గరి ఇఫ్‌కే తగిలిస్తుంది. మీ ఉద్దేశమూ అదే కావచ్చు. ఆల్గాల్ 60 భాష నాటి నుంచీ తెలిసిన చిక్కే కదా, ఒక్క వాక్యం రాస్తే పోయేది.

ఇక సెమీకోలన్. రూల్స్‌లో ప్రతి స్టేట్‌మెంట్ చివరా తప్పనిసరి, మీ ఉదాహరణల్లో మాత్రం ఎక్కడా కనిపించదు. గో భాషలోనూ చాలా చోట్ల రాయనక్కర్లేదు, కానీ ఏయే టోకెన్లతో (పదాలు, గుర్తులతో) లైను ముగిస్తే, కోడ్‌ను టోకెన్లుగా విడగొట్టే లెక్సర్ సెమీకోలన్‌ను చేరుస్తుందో ఆ స్పెసిఫికేషన్‌లో ఉంది. మీ గ్రామర్‌తో మీ మొదటి ఉదాహరణే పార్స్ కాదు!

ఇదంతా రాసి పంపితే, గ్రామర్ అవగాహన కోసం మాత్రమేనని జవాబిచ్చి టికెట్ మూసేశారు. అవగాహనకు ఒకటి, యంత్రానికి ఒకటి ఉండటంలో తప్పేమీ లేదు. 1996లో వచ్చిన జావా మొదటి స్పెసిఫికేషన్‌లో, అధ్యాయాల్లో వివరణకు వాడిన గ్రామర్ కాక, 19వ అధ్యాయంలో యాక్ లాంటి టూల్స్‌కు సరిపడే ఎల్‌ఏఎల్‌ఆర్(1) రకం గ్రామర్‌ను వేరుగా ఇచ్చారు. పైథాన్ తన పార్సర్‌ను 3.9 నుంచి ఏ పెగ్ గ్రామర్‌తో (ప్రత్యామ్నాయాలను వరుసగా ప్రయత్నించే రకం) జనరేట్ చేస్తోందో, లోపలి కోడ్ ముక్కలు తీసేసి దాన్నే డాక్యుమెంటేషన్‌లో పెట్టింది. మీరు మొదటి రకం ఇచ్చి, రెండో రకం పేరు చెప్పి అమ్మారు. నా ఫిర్యాదు ఇదే.

మీ పార్సర్ ఏదైనా గ్రామర్ ఫైలు నుంచి వచ్చినదైతే ఆ ఫైలు పంపండి. చేత్తో రాసినదైతే ఆపరేటర్ల పట్టిక, టోకెన్ల నిర్వచనాలు, సెమీకోలన్ నియమం రాతపూర్వకంగా ఇవ్వండి. తప్పక పార్స్ కావాల్సినవి, కాకూడనివి కొన్ని ప్రోగ్రాములు కూడా జతచేయండి. ఫార్మాట్ ఏదైనా ఫర్వాలేదు, లెఫ్ట్ రికర్షన్ (రూల్ మళ్లీ తనతోనే మొదలవడం) లాంటివి నేను సర్దుకోగలను. 15 రోజుల్లో ఇవ్వలేకపోతే లైసెన్సు రుసుము పూర్తిగా వాపసు చేసి, అమ్మకపు పేజీలోంచి ఆ వాక్యం తీసేయండి. టికెట్‌ను తిరిగి తెరిచి, ఈసారి నేరుగా కంపైలర్ బృందానికి పంపగలరు.

ఇట్లు,
మీ డెవలపర్ లైసెన్సుదారు