ఎంపిక రోజున హార్మోనియం ఎక్కడ?

సంపాదకులకు,

నమస్కారం. యువజనోత్సవాల కాలం దగ్గరపడగానే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కాలేజీల్లో నోటీసు బోర్డు మీదికి ఒక కాగితం ఎక్కుతుంది: ‘నాటకంలో పాడగలవారు, నటించగలవారు రేపు మధ్యాహ్నం రెండు గంటలకు సెమినార్ హాలుకు రావలెను.’ ఏ నాటకమో, ఎన్ని పాత్రలో, ఎంతసేపు పాడాలో, రిహార్సల్స్ ఏ వేళల్లోనో అందులో ఉండదు. ఆ మధ్యాహ్నం గంటన్నరలో జట్టు తేలిపోతుంది. రెండు వారాల తరవాత, పాడేవాడికి మాట రాదనీ మాట వచ్చినవాడికి శ్రుతి నిలవదనీ తెలిసి దర్శకుడు తల పట్టుకుంటాడు. పిల్లల్లో సత్తా లేక కాదు. ఎంపిక చేసే తీరులోనే లోపం ఉంది.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫోనులో కరోకే ట్రాకు పెట్టుకుని సినిమా పాట పాడతారు. ట్రాకు అసలు గాయకుడి శ్రుతిలో ఉంటుంది. మన గొంతు దానికి కుదరకపోతే పల్లవి కింద మంద్రంలో వినపడకుండా పోతుంది, చరణంలో తారస్థాయికి వెళ్లేసరికి కేక అవుతుంది. యాప్‌లో శ్రుతి మార్చుకోవచ్చు గానీ రెండు మూడు మెట్లు దాటిందంటే వాద్యాల నాదం చెడిపోతుంది. అదీ సర్దుకోవచ్చు. అసలు ఇబ్బంది ఏమిటంటే ట్రాకు ఎవరికోసమూ ఆగదు. నాటకంలో హార్మోనిస్టు నటుడి వెంట నడుస్తాడు. నటుడు ఒక మాట దగ్గర నిలిస్తే తనూ నిలుస్తాడు, అవతలి పాత్ర కంట తడిపెడితే ఇంకో క్షణం శ్రుతి పట్టి ఉంచుతాడు. ట్రాకు వెంట పరుగెత్తి పాడినవాడు వేదిక మీద ఎలా పాడతాడో ఎంపిక చేసేవాళ్లకు తెలిసే దారే లేదు.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో సంగీత నాటకాలకు ఎంపికలు జరిపే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. పాట మొత్తం వినరు. పదహారు బార్లు (బారంటే నాలుగు దెబ్బల కొలత), మహా అయితే ముప్పై రెండు అడుగుతారు. గదిలో పియానో వాయించేవారు ఉంటారు. అభ్యర్థి తన స్వరపత్రం మీద ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపు అని గుర్తులు పెట్టి ఇచ్చి, నడక ఎంత వేగమో చెప్పి పాడతాడు. తరవాత అప్పుడే చేతికిచ్చిన సంభాషణ చదివించడం, ఎనిమిది లెక్కల చొప్పున నాట్యం నేర్పి చేయించడం, చివరికి కొందరిని మళ్లీ పిలిచి జంటలుగా చూడటం ఉంటాయి. పదహారు బార్లంటే మన లెక్కలో ఆదితాళం ఎనిమిది ఆవర్తాలు, అంటే ఎనిమిది దెబ్బల చుట్లు ఎనిమిది. నిమిషానికి నూట ఇరవై దెబ్బల నడకలో అది అరనిమిషం. గొంతు సంగతి తెలియడానికి అంత చాలు. మిగతా సమయం నటన చూడవచ్చు.

మనకైతే ఒక పద్యం, ఎనిమిది ఆవర్తాల పాట అడిగితే సరిపోతుంది. పద్యానికి ముందు రెండు వాక్యాల వచనం చెప్పించడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే తేడాలన్నీ ఆ మలుపులోనే పట్టుబడతాయి. కోపంతో మాట్లాడి వెంటనే పద్యం ఎత్తుకుంటే గొంతు బిగిసి శ్రుతి పైకి జారుతుంది. దుఃఖంలో ఊపిరి వదిలేసి ఎత్తుకుంటే కిందికి దిగుతుంది. మాటకూ పద్యానికీ నడుమ ముక్కుతో ఒక్కసారి నిండుగా ఊపిరి తీసుకుని, మొదటి అక్షరాన్ని మెల్లగా ఆనించి ఎత్తుకునే అలవాటున్నవాడికి ఈ జారుడు ఉండదు.

ఊపిరి గురించే ఇంకో మాట. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం మీద. చంపకమాలకు ఇరవై ఒకటి, యతి పదకొండు. పిల్లలు పాదం పూర్తికాగానే ఊపిరి తీసుకుంటారు. తెలుగు పద్యంలో మాట ఒక పాదంలో మొదలై రెండో పాదంలో పూర్తికావడం మామూలే. అక్కడ ఊపిరి తీస్తే మాట రెండు ముక్కలై వినేవాడికి అర్థం జారిపోతుంది. అందుకని పద్యం కంఠస్థం చేసేముందు పెన్సిలుతో అర్థం విరిగే చోట్ల గీతలు పెట్టుకోవాలి. ఆగవలసింది ఆ గీతల దగ్గరే. యతి కూడా ఆగమని చెప్పే గుర్తు కాదు. ఎంపిక చేసేవాళ్లు ఈ ఒక్కటి గమనిస్తే చాలు, పద్యం నేర్చుకున్నవాడెవడో బట్టీ పట్టినవాడెవడో తెలిసిపోతుంది.

శ్రుతి విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు వేరే ఉంది. మొదటిరోజు ఎవరి శ్రుతిలో వాళ్లు పాడతారు, అది సబబే. హార్మోనియం మెట్ల లెక్కలో అబ్బాయి ఒకటిన్నర శ్రుతిలో, అమ్మాయి ఐదున్నరలో హాయిగా పాడి ఎంపికవుతారు. రిహార్సల్‌లో ఇద్దరికీ సంవాద పద్యాలు పడతాయి. ఒకరి పద్యం ముగిసీ ముగియకముందే రెండోవారు అందుకోవాలి కాబట్టి హార్మోనియం ఒకే శ్రుతిలో ఉండాలి. అప్పుడు ఇద్దరిలో ఒకరు నలిగిపోతారు. రంగస్థలం మీద మగవాళ్లు నాలుగు, ఐదు శ్రుతుల్లో పాడే సంప్రదాయం మైకులు లేని కాలం నాటిది, ఇప్పటి పిల్లలందరికీ ఆ గొంతులు ఉండవు. అందుకే రెండో విడతలో జంటలుగా నిలబెట్టి, నాటకంలో వాడబోయే శ్రుతిలోనే వినాలి. ఆ విడతకు మైకు ఇవ్వకూడదు. హార్మోనియం మీదుగా గొంతు చివరి వరసదాకా వినపడుతుందో లేదో మైకు ఉంటే తెలియదు.

ఏం పాడాలని అడిగే విద్యార్థులకు: గొంతు అందుకునే చివరి మెట్టు ఉన్న పాట తేవద్దు, దానికి రెండు మెట్ల కిందే ఆగే పాట తేండి. కంగారులో గొంతు ఆ రెండు మెట్లూ పోగొట్టుకుంటుంది. సంగీతం నేర్చినవాళ్లు ఆలాపనకు నిమిషం ఖర్చుపెట్టవద్దు. ఘంటసాలను అనుకరించవద్దు. ఆయన సంగీతం చదువుకున్న ఊరు మన విజయనగరం కనుక ఇక్కడ ఆ మోజు ఎక్కువ. అనుకరణ ఎంత బాగుంటే పాత్ర అంత మాయమవుతుంది.

ఎంపికలో చూసే ఆశునటన, అంటే రాసుకోకుండా అప్పటికప్పుడు మాటలు అల్లుకుని నటించడం, దాని సంగతి ఇంకా అధ్వానం. టీవీ కామెడీ చూసి అదే ఆశునటన అనుకుంటున్నారు. ఇద్దరు స్నేహితులు హాస్టల్లో తయారుచేసుకున్న జోకులు తెచ్చి ‘ఆశువు’గా ఒప్పజెబుతారు, న్యాయనిర్ణేతలు నవ్వి మార్కులు వేస్తారు. ఇందులో ఉన్న నియమం చాలా చిన్నది. ఎదుటివాడు అన్నదాన్ని నిజమని ఒప్పుకోవాలి, దానిమీద ఇంకొకటి చేర్చాలి. ‘బాబాయ్, ఇప్పుడేనేటి బస్సు దిగినావు?’ అని ఒకడు మొదలుపెడితే, రెండోవాడు ‘నేను నీ బాబాయ్‌ని కాదు’ అంటాడు. హాలు ఒక్కసారి నవ్వుతుంది, ఆపైన ఇద్దరికీ చెప్పడానికి ఏమీ మిగలదు. ‘దిగినాన్రా, గానీ మీ పిన్ని ఇచ్చిన మూట బస్సులోనే ఉండిపోనాది’ అంటే చుట్టరికం ఖాయమైంది, ఒక వస్తువు వచ్చింది, ఒక చిక్కు వచ్చింది, ఇంట్లో భయపడవలసిన మనిషి కూడా వచ్చింది. మూడు నిమిషాలకు సరిపడా సరుకు అది.

వరసగా ప్రశ్నలు వేయడం రెండో జబ్బు. ‘ఎవరు నువ్వు? ఎక్కడికి? ఎందుకు?’ అని అడుగుతున్నవాడు ఏమీ ఇవ్వకుండా భారమంతా ఎదుటివాడి మీద వేస్తున్నాడు. మొదటి నాలుగు మాటల్లో ఎవరు, ఎక్కడ, ఇద్దరికీ ఏమవుతుంది అన్నవి తేలాలి. అందుకు చీటీలు వేయించాలి. ఒక గిన్నెలో చోట్లు (రేషన్ డిపో, ఆర్టీసీ కాంప్లెక్సు, సిరిమానోత్సవం జనం), ఇంకో గిన్నెలో చుట్టరికాలు. జంటను మూడు నిమిషాలు చూశాక జోడీ మార్చాలి, రెండుసార్లు మార్చాలి. తెలిసిన స్నేహితుడితో బాగా చేసి కొత్తవాడితో బిగుసుకుపోయేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు ఇంకా సాధన కావాలి. చివరి అరనిమిషంలో హార్మోనియం శ్రుతి పట్టి, అంతవరకూ ఆడిన మాటనే పాడమని అడగవచ్చు. రాగం గొప్పగా ఉండనక్కర్లేదు, శ్రుతిలో ఉండి కథ వదలకపోతే చాలు.

ఇక్కడ యాస ప్రస్తావన తేక తప్పదు. శ్రీకాకుళం మాట వినపడగానే మార్కులు తగ్గించే న్యాయనిర్ణేతలు ఉన్నారు. అది తప్పు. ఆలోచించే వ్యవధి లేనప్పుడు నోటికి వచ్చేది ఇంట్లో మాటే. దాన్ని గ్రాంథికంలోకో టీవీ తెలుగులోకో మార్చుకుంటూ కూర్చుంటే ఎదుటివాడి మాట వినపడదు. 1892లో ఈ విజయనగరంలోనే కన్యాశుల్కం తొలిసారి ఆడారు. వాడుక మాటకు వేదిక మీద పీట వేసిన ఊరు ఇది. సినిమాల్లో నవ్వించడానికి వాడే దొంగ యాసకు మార్కులు తగ్గిస్తే మాత్రం మాకు అభ్యంతరం లేదు.

ఆశునటన పరాయి విద్య అని కొట్టిపారేసే అధ్యాపకులకు ఒక మాట. షికాగోలో వయోలా స్పోలిన్ అనే నాటక శిక్షకురాలు పిల్లల కోసం తయారుచేసిన ఆటల నుంచి అమెరికావాళ్ల పద్ధతి పెరిగింది, నిజమే. కానీ అవధానంలో అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతుంటే పద్యం వదలకుండా జవాబివ్వడం ఏమిటి? మన ఉత్తరాంధ్ర వీధి ప్రదర్శన తూర్పు భాగవతంలో సత్యభామకూ సూత్రధారికీ నడుమ అప్పటికప్పుడు పుట్టే వచనం ఏమిటి? ఒక్క మనిషే పాడుతూ, ఆడుతూ, సభను బట్టి పిట్టకథ అందుకునే హరికథను శిఖరానికి చేర్చిన ఆదిభట్ల నారాయణదాసు గారే 1919లో మొదలైన మన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు. ఆ కళాశాల ఊళ్లోనే ఉండగా ఎంపికల రోజున హార్మోనియానికీ మృదంగానికీ ఇద్దరు విద్యార్థులను పంపమని అడిగేవారు లేకపోవడం విడ్డూరం. గౌరవ పారితోషికం, దారి ఖర్చులు ఇచ్చి పిలిస్తే వాళ్లకూ నాటకానికి వాయించే అనుభవం వస్తుంది. కచేరీకి వాయించడం వేరు, నటుడి పెదవులు చూసుకుంటూ వాయించడం వేరు.

అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఏకాంకికకు నటులు తొమ్మిదిమంది, సహకారానికి ముగ్గురు, వేదిక మీద అరగంట. తొమ్మిదిమందిని తీసుకున్నాక సెమిస్టరు పరీక్షల వల్ల ఇద్దరు తప్పుకోవడం ప్రతిచోటా జరిగేదే కనుక, కనీసం ఇద్దరు ప్రత్యామ్నాయ నటులను మొదటిరోజు నుంచే రిహార్సల్‌లో కూర్చోబెట్టాలి. మనిషికి ఐదు నిమిషాల చొప్పున నలభై మందికి మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక్క మధ్యాహ్నంలో తేల్చాలనుకోవడం దండగ, రెండు పూటలు పెట్టుకోవాలి. చూసేవాళ్లు ముగ్గురు ఉండాలి: సంగీతం తెలిసినవారు ఒకరు, నాటకం తెలిసినవారు ఒకరు, కదలిక తెలిసినవారు ఒకరు. ఎవరి మార్కులు వారు విడిగా వేయాలి. ముందే కూడబలుక్కుంటే ముగ్గురు కూర్చున్నా ఒక్కరు కూర్చున్నా ఒకటే.

రిహార్సల్ వేళల్ని నోటీసులోనే వేయమని అడగడానికి కారణం ఉంది. రాత్రి ఎనిమిదిదాకా సాధన పెడితే హాస్టల్ గేటు మూసే వేళకు అమ్మాయిలు ఉండలేరు. బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం వైపు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకు బస్సు తప్పిపోతుంది. ఎంపికై వారం తిరక్కుండా మానేసేవాళ్లలో వీళ్లే ఎక్కువ, వాళ్లకు ఆసక్తి లేదని పేరు పెడతారు. సాయంత్రం ఆరింటికి ముగించలేకపోతే ఆదివారాలు వాడుకోవచ్చు.

రెండు జిల్లాల విశ్వవిద్యాలయాల విద్యార్థి వ్యవహారాల అధికారులకు మా విన్నపం: ఎంపికకు పదిహేను రోజుల ముందు నోటీసు పెట్టండి. నాటకం పేరు, పాత్రలు, పద్యం, పాట వ్యవధి, వాడబోయే శ్రుతి, రిహార్సల్ వేళలు అందులో రాయండి. ఎంపికైనవారి పేర్లతోపాటు ప్రత్యామ్నాయ నటుల పేర్లు కూడా అదే బోర్డు మీద పెట్టండి. ఎంపిక కానివారు అడిగితే వారి మార్కుల కాగితం చూపించండి.

ఇట్లు,
ఇద్దరు నాటక శిక్షకులు,
విజయనగరం