చలిగాలి విపత్తు అయినప్పుడు వడగాడ్పు ఎందుకు కాదు? కేంద్ర పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

హైదరాబాద్, 2025 మే 4

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పహల్గామ్ దాడి తర్వాత దేశమంతా సరిహద్దు వైపు చూస్తుంటే ఈయన ఎండల గురించి రాస్తున్నాడేమిటని తమరు అనుకోవచ్చు. ఎప్పుడు రాసినా ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంది సార్. నిరుడు ఎన్నికలు అడ్డొచ్చాయి, ఆ తర్వాత బడ్జెట్ అడ్డొచ్చింది. వడగాడ్పును జాతీయ విపత్తుల జాబితాలో చేర్చమని మేం పెట్టుకున్న దరఖాస్తుల్లో ఒక్కదానికి మాత్రం జవాబు వచ్చింది, "తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు పంపడమైనది" అని. ఆ సంబంధిత శాఖ ఏదో కనుక్కునేలోపు వానాకాలం వచ్చేసింది. విపత్తుల జాబితా హోం శాఖ చూస్తుందని నాకూ తెలుసు. కానీ ప్రపంచ సదస్సుల్లో మా ఎండ గురించి మాట్లాడేది తమరి శాఖే కాబట్టి తమరికే రాస్తున్నాను.

నేను ఉప్పల్ వైపు ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్‌ని. పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివే అలవాటు ఉంది కాబట్టి పోయిన నవంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకులో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సులో ఏం జరిగిందో నాకు బాగానే గుర్తుంది. పేద దేశాలు ఏడాదికి లక్షా ముప్పై వేల కోట్ల డాలర్లు కావాలని అడిగితే, 2035 నాటికి ఏడాదికి ముప్పై వేల కోట్లు చూస్తామని ధనిక దేశాలు అన్నాయి. మనకు మాట్లాడే అవకాశం ఇవ్వకముందే సదస్సు అధ్యక్షుడు ఒప్పందం కుదిరిపోయిందని బల్ల మీద సుత్తి కొట్టేశారు. ఆ తర్వాత మన ప్రతినిధి లేచి ఇదంతా కంటికి భ్రమ తప్ప మరేమీ కాదని మొహం మీదే చెప్పేశారు. ఆ వీడియో మా సైట్ ఆఫీసులో అందరికీ చూపించాను. గర్వంగానే అనిపించింది.

కోపం రావడంలో న్యాయం ఉంది. 2009లో కోపెన్‌హాగన్‌లో ఏడాదికి పదివేల కోట్ల డాలర్లు 2020 కల్లా ఇస్తామన్నవాళ్లు, 2022లో గానీ ఆ లెక్క పూర్తిచేయలేదు. అందులోనూ ఎక్కువ భాగం అప్పే. అప్పును సాయం అని పిలవడం వాళ్లకే చెల్లింది. జనవరి 20న గద్దెనెక్కిన రోజే ట్రంప్ గారు పారిస్ ఒప్పందం నుంచి రెండోసారి బయటికి నడిచారు. మార్చిలో లాస్ అండ్ డ్యామేజ్ నిధి (వాతావరణ మార్పుతో నష్టపోయిన పేద దేశాలకు సాయం చేసే నిధి) బోర్డు నుంచి కూడా అమెరికా లేచి వెళ్లిపోయింది. చరిత్రలో అందరికంటే ఎక్కువ పొగ వదిలిన దేశం అది. ఇప్పటికీ అక్కడ తలకు ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంటే మన దేశంలో 2 టన్నుల చిల్లర. బ్రిటన్ అయితే రక్షణ ఖర్చు కోసం విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3 శాతానికి కోసేస్తామని ఫిబ్రవరిలోనే చెప్పేసింది. ప్రపంచ దేశాలన్నీ కలిసి 2024లో సైన్యాల మీద 2,71,800 కోట్ల డాలర్లు పెట్టాయని మొన్న స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్క చెప్పింది. డబ్బు లేదన్న మాట మాత్రం అబద్ధం.

ఇదంతా ఒప్పుకుంటాను సార్. కానీ మన పద్దు సంగతేంటి?

జాతీయ విపత్తుల జాబితాలో పన్నెండు ఉన్నాయి. తుపాను, కరువు, భూకంపం, వరద, వడగళ్లు, మంచుచరియలు విరిగిపడటం, చీడపీడలు వగైరా. చలిగాలులు కూడా ఉన్నాయి. వడగాడ్పు లేదు. ఈ దేశంలో, ఈ తెలంగాణలో! 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బతో పోయారు. ఇంకెంతమంది పోతే జాబితాలో చోటు దొరుకుతుందో ఎవరైనా చెబితే బాగుండు. చేర్చమని రాష్ట్రాలు అడిగితే ఉన్న జాబితా చాలని పదిహేనో ఆర్థిక సంఘం తేల్చేసింది. అంతగా కావాలంటే రాష్ట్ర విపత్తు నిధిలో పది శాతం లోపు సర్దుకోమన్నారు. సర్దుకుంటున్నాం. మా రాష్ట్ర ప్రభుత్వం ఈ ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి 4 లక్షల పరిహారం అంది. అంతకుముందు 50 వేలే ఉండేది. సంతోషం, కాదనను.

ఇక్కడ మా సైట్ సంగతి కొంచెం చెప్పాలి. కాలమ్ పోశాక దానికి గోనెసంచులు చుట్టి రోజుకు మూడు పూటలా నీళ్లు పట్టాలి. పట్టకపోతే ఇంజనీర్ నన్ను తిడతాడు, రిజిస్టర్‌లో రాస్తాడు. ఆ నీళ్లు పట్టే మనిషి ఎన్నిసార్లు తాగాడో రాయడానికి మాత్రం ఏ రిజిస్టరూ లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు సలాక ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. బైండింగ్ చేసేవాళ్లు అరచేతికి తడిగుడ్డ చుట్టుకుని హుక్కు తిప్పుతారు. గుడ్డ పది నిమిషాల్లో ఆరిపోతుంది. కాలమ్‌కి చుట్టిన తడి గోనె ఒకటి లాక్కుని నెత్తిన వేసుకుంటే చూసీ చూడనట్టు ఊరుకుంటాను, అంతకంటే నా చేతిలో ఏమీ లేదు. రాత్రి పడుకునేది రేకుల షెడ్డులో. పదకొండైనా రేకు చల్లారదు, అందుకని స్లాబ్ మీద పడుకుంటారు. పొద్దంతా ఎండ తాగిన స్లాబ్ అది. కూల్ రూఫ్ పాలసీ అని, పైకప్పులు వేడెక్కకుండా చేసేది, మా రాష్ట్రంలో ఒకటి ఉంది, అది మా షెడ్ల దాకా ఇంకా రాలేదు.

నిరుడు మే నెలలో పాలమూరు నుంచి వచ్చిన సెంట్రింగ్ హెల్పర్ ఒకడు, పాతికేళ్లు కూడా లేవు, మూడో అంతస్తులో చెక్కలు దించుతూ కూర్చుండిపోయాడు. చెమట పట్టడం లేదు, మాట తడబడుతోంది. నీళ్లు కుమ్మరించి ఆటోలో తీసుకుపోయాం. ఆసుపత్రిలో కాగితం మీద గుండె, ఊపిరి ఆగి చనిపోయాడని రాశారు. చచ్చిపోయిన ప్రతివాడికీ గుండె ఆగే ఉంటుంది కదా సార్! ఒంటి వేడి ఎంత ఉందో ఎక్కడా రాయలేదు. ఆ రాత్రే ఇంటోళ్లు శవాన్ని ఊరికి తీసుకుపోయారు. తర్వాత పరిహారం కోసం తిరిగితే తహసీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసిన కమిటీ వడదెబ్బ అని తేల్చాలన్నారు, దానికి పోస్టుమార్టం కావాలన్నారు. మట్టి చేసిన మనిషికి పోస్టుమార్టం ఎక్కడి నుంచి తేవాలి? వాళ్ల అమ్మకు పాత 50 వేలూ రాలేదు, కొత్త 4 లక్షలు ఎలాగూ రావు. దేశం లెక్కల్లో ఆ పిల్లగాడు ఎండకు పోలేదు.

నిరుడు మార్చి నుంచి జూన్ 18 దాకా దేశం మొత్తంలో వడదెబ్బ అనుమానిత కేసులు 40 వేలకు పైగా, మరణాలు 110 అని ఆరోగ్య శాఖ లెక్క బయటికొచ్చింది. అది మన దేశంలో 1901 తర్వాత అన్నిటికంటే వేడి సంవత్సరం. 110! ఈ కాగితం పట్టుకుని ఈ ఏడాది వాతావరణ సదస్సు జరిగే బ్రెజిల్‌లోని బెలెమ్ వెళ్లి మాకు నష్టం జరిగింది, పరిహారం ఇవ్వండి అని అడుగుతారా? అవతలివాళ్లకు ఎగ్గొట్టడం వచ్చు, లెక్క చూసి నవ్వడమూ వచ్చు. 2023 దుబాయ్ సదస్సులో ఆ లాస్ అండ్ డ్యామేజ్ నిధి మొదలుపెట్టినప్పుడు వచ్చిన హామీలు అన్నీ కలిపితే 70 కోట్ల డాలర్లు. ఆ చిన్న మూటలో వాటా కావాలన్నా ముందు మన చావులు మనం రాసుకోవాలి.

ఇంకో మాట. వచ్చే జనవరి నుంచి ఐరోపా వాళ్లు మన ఉక్కు మీద, అల్యూమినియం మీద కార్బన్ పన్ను వేస్తారు. అది అన్యాయమని తమరు ప్రతి సదస్సులో అంటున్నారు, నేనూ అంటాను. దానికోసం టన్ను ఉక్కుకు ఎంత పొగ వస్తుందో కొలిచే ఏర్పాట్లు మన ఫ్యాక్టరీలు అప్పుడే మొదలుపెట్టాయి. ఆ ఉక్కును ఎండలో వంచి కట్టేవాడి ఒంటికి ఎంత వేడి తగిలిందో కొలవమంటే మాత్రం యంత్రాంగం లేదంటారు. (బొగ్గు గురించి నేనేమీ అనను. మా మిక్సర్ తిరిగే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే.)

మా జగిత్యాల, నిజామాబాద్ వాళ్లు ఖతార్ పోతారు. అక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు బయట ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. అమలు ఎంత బాగుందో అక్కడికి పోయినవాళ్లే చెప్పాలి, కానీ కాగితం మీదైనా ఉంది. అదే మనిషి తిరిగొచ్చి హైదరాబాద్‌లో పనిచేస్తే "వీలైనంతవరకు ఎండలో తిరగవద్దు" అని సెల్‌ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. వీలు ఎవరికి ఉంది సార్? కూలీకా, గడువు దాటితే బిల్లు కోసే బిల్డర్ కింద పనిచేసే నాకా?

2028 వాతావరణ సదస్సు మన దేశంలో పెడతామని దుబాయ్‌లో ప్రధాని గారు అన్నారు. హైదరాబాద్‌కు సదస్సులు కొత్త కాదు. 2012లో జీవవైవిధ్య సదస్సు ఇక్కడే జరిగింది, హైదరాబాద్ ప్లెడ్జ్ అని 5 కోట్ల డాలర్లు కూడా అప్పట్లో ప్రకటించారు. మళ్లీ వస్తే హాళ్లు మేమే కడతాం, అది కూడా ఎండాకాలంలోనే.

తమరు హోం శాఖ వారితో, ఆర్థిక శాఖ వారితో మాట్లాడి వడగాడ్పును ఆ జాబితాలో చేర్పించండి. దయచేసి చేర్పించండి. దేశ కొత్త వాతావరణ లక్ష్యాలు ఐక్యరాజ్యసమితికి ఇవ్వాల్సిన గడువు ఫిబ్రవరి 10నే దాటిపోయింది, ఆ కాగితం ఎలాగూ ఇంకా రాస్తున్నారు కాబట్టి ఎండలో పనిచేసేవాళ్ల గురించి అందులో రెండు ముక్కలు రాయించండి. మధ్యాహ్నం పని ఆపడాన్ని సలహాగా కాకుండా ఆర్డరుగా ఇప్పించండి, ఆ పూట కూలి పోకుండా చూడండి. ఇవన్నీ ఇప్పుడే కావంటే ఒక్కటైనా చేయండి. వేసవిలో పని చేస్తూ పడిపోయి వచ్చిన మనిషి ఒంటి వేడి చూసి కాగితం మీద రాయాలని, పోస్టుమార్టం లేకపోతే ఆ కాగితం చాలని అన్ని ఆసుపత్రులకు సర్క్యులర్ పంపించండి. దానికి బాకు అక్కర్లేదు, బెలెమ్ అక్కర్లేదు, అమెరికా ఒప్పుకోనక్కర్లేదు. రోహిణి కార్తె ఈ నెల 25న మొదలవుతుంది, ఆలోపు పంపించండి.

ఇట్లు,
ఒక సైట్ సూపర్‌వైజర్,
ఉప్పల్, హైదరాబాద్