ఖరగ్‌పూర్ మన తెలుగు సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఉగాది వెళ్లాక జరిగే సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి కాబట్టి చదువుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలియనివి కావు, అవి మళ్లీ రాయలేదు. ఈసారి నివేదికలో సగానికి పైగా ఒక్క మనిషి గురించే ఉంటుంది. కార్తీకమాసంలో మిస్త్రీ తాత మనల్ని వదిలి వెళ్లిపోయారు. మిగతా కార్యక్రమాలకు చోటు తక్కువైందని ఎవరికైనా అనిపిస్తే సమావేశంలో అడగండి, చెబుతాను.

ముందు ఆ మిగతావి. ఏప్రిల్ 9న క్రోధి ఉగాది, పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే జరిగాయి. మాతాపూజ రోజుల్లో మజ్జిగ పందిరి పెట్టాం. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి పిల్లలకు చేతిరాత పోటీ పెడితే పిల్లల కంటే తల్లులు ఎక్కువ టెన్షన్ పడ్డారు. వనభోజనాలు తాత పోయినందువల్ల మానుకున్నాం. సంక్రాంతి ముగ్గుల పోటీ బాగా జరిగింది, బహుమతుల మీద వచ్చిన గొడవ కూడా సర్దుకుంది.

ఇక తాత సంగతి. మన కొత్త సభ్యుల్లో చాలామందికి ఆయన ఆదివారం సాయంత్రం చేతిలో సుద్దముక్కతో కనబడే ముసలాయన మాత్రమే. అందుకే కొంచెం వెనక నుంచి చెబుతాను. ఆయన తండ్రి సోంపేట వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఇక్కడికి కూలికి వచ్చిన మనిషి. వి.వి. గిరి గారు ఆ రైల్వే కార్మికుల సంఘం నడిపిన రోజుల కబుర్లు తండ్రి చెబుతుంటే వింటూ పెరిగానని తాత అనేవారు. తాను కార్ఖానాలో ఖలాసీగా చేరి, ఫిట్టరై, మిస్త్రీగా రిటైరయ్యారు. ఫోర్‌మన్ కాలేదన్న బాధ ఉండేదేమో, మాతో ఎప్పుడూ అనలేదు.

1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. ఇరవై రోజులు సాగింది. తాత మేదినీపూర్ జైలుకు వెళ్లారు, ఉద్యోగం పోయింది. జనతా ప్రభుత్వం వచ్చాక 1977లో తీసేసిన వాళ్లను తిరిగి తీసుకున్నప్పుడు మళ్లీ కార్ఖానా గేటులో అడుగుపెట్టారు. ఆ మూడేళ్ల గురించి ఆయన చెబితే వీరగాథలా ఉండేది. అసలు కథ ఏమిటో సంస్మరణ సభలో మామ్మగారు చెప్పేదాకా మాకూ తెలియదు.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకోదగ్గది ఆ సభే. డిసెంబరులో ఒక ఆదివారం పెట్టాం. హాలు కోసం ముందుగానే దరఖాస్తు ఇచ్చి, డిపాజిట్ కట్టి, కాగితం మీద అనుమతి కూడా తెచ్చుకున్నాం. సభ రేపనగా సాయంత్రం ఫోను చేసి, హాలు ఇంకో కార్యక్రమానికి కావాలన్నారు. ఆ ఆఫీసు పేరు రాయను, అందరికీ తెలుసు. డిపాజిట్ ఇంకా వెనక్కి రాలేదు, వెళ్లిన ప్రతిసారీ సంబంధిత గుమాస్తా సెలవులోనే ఉంటున్నాడు. చివరికి గుడి కమిటీ వాళ్లు రాత్రికి రాత్రి మండపం ఊడ్చి ఇచ్చారు. నిజం చెప్పాలంటే అదే మంచిదైంది. హాలులో అంతమంది పట్టేవారు కాదు.

ఒక బల్ల మీద ఆయన వస్తువులు పెట్టాం. హాజరు బిళ్ల, సొట్టలు పడ్డ కేరేజి, మందం కొలిచే కాలిపర్, తుడిచి తుడిచి కాళ్లు వదులైన కళ్లజోడు. కార్ఖానాలో ఆయనతో పనిచేసిన బెంగాలీ పెద్దలు ఇద్దరు ఆ కాలిపర్‌ని చేతిలోకి తీసుకుని చాలాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు.

పెద్దబ్బాయి విశాఖ నుంచి వచ్చాడు. జీతం రోజున నాన్న గోల్‌బజార్ నుంచి జిలేబి తెచ్చేవారట. దాంతోపాటు మెయిలు బండిలో ఒక రోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు. పైన ఉన్న పెద్దక్షరాల వార్త తప్పుల్లేకుండా చదివితేనే జిలేబి. "మా చెల్లి ముందు చదివేసి నా వాటా కూడా తినేసేది, నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవారు" అన్నాడు. చెల్లి ముందు వరసలోనే ఉంది, కాదనలేదు.

మామ్మగారు మైకు పట్టుకోవడం అదే మొదలు. "జైలుకెళ్లొచ్చినానని ఈయన ఊరంతా చెప్పుకునీవోరు. డబ్బాలో బియ్యం ఎన్ని గ్లాసులున్నాయో ఈయనకేటి తెలుసు?" అని మొదలుపెట్టారు. ఆ మూడేళ్లూ ఆవిడ అప్పడాలు ఒత్తి, జాకెట్లు కుట్టి ముగ్గురు పిల్లల్ని సాకారు. క్వార్టరు ఖాళీ చేయమంటే పక్కింటి బెంగాలీ వాళ్లు తమ వరండా ఇచ్చారు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. ఆమధ్య ఆవిడ చెయ్యి విరిగినప్పుడు, కట్టు విప్పేదాకా రోజూ జడ ఆయనే వేశారట. వెంట్రుక మందం తేడా వచ్చినా పని వెనక్కి పంపే మిస్త్రీ, ఒక్కరోజు కూడా జడ తిన్నగా వేయలేకపోయారు. "అలాగే గుడికెళ్లీదాన్ని" అన్నారు. మండపం అంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

మనవడు బెంగుళూరులో ఉద్యోగం. పుట్టింది ఇక్కడే, చదివింది ఇంగ్లీషు మీడియం. తాత నోటుపుస్తకంలోంచి ఒక పేజీ తెలుగులోనే, వేలు పెట్టుకుని, నెమ్మదిగా చదివాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు రాసుకున్న పేజీ అది. అందులో బాధ గురించి ఒక్క ముక్క లేదు. ఎవరు ఎన్ని టార్పాలిన్లు ఇచ్చారు, ఎవరు ఇస్తామని ఇవ్వలేదు, అంతే. డెబ్బై ఏడేళ్ల వయసులో ఇల్లిల్లూ తిరిగి వసూలు చేశారాయన. ఇవ్వని వాళ్ల పేర్లు వచ్చేసరికి కుర్రాడు ఆగిపోయాడు. వాళ్లలో కొందరు ఎదురుగానే కూర్చున్నారు మరి.

ఆయనతో వేగడం సులువని నేను అనను. మన ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైనదని చుట్టాలందరినీ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించిన మనిషి. 2013లో గోరఖ్‌పూర్‌లో 1366 మీటర్లది కట్టారని చెబితే ఒప్పుకోకుండా నాతో వారం రోజులు మాట్లాడలేదు.

అసలు విషయం ఇప్పుడు. ఆయన ఆదివారం తెలుగు తరగతి నవంబరు నుంచి ఆగిపోయింది. పాత వ్యాగను పలకకు తనే నల్లరంగు వేసి చేసుకున్న బోర్డు మన గదిలో గోడకు ఆనించి ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇస్తూ నిర్ణయం తీసుకున్నప్పుడు మిఠాయిలు పంచుకున్నాం కదా. దరఖాస్తు తెలుగులో రాయగలిగిన పిల్ల ఒక్కరూ లేకపోతే ఆ గుర్తింపును ఏం చేసుకుంటాం? తరగతి ఎవరు తీసుకుంటారని జనవరిలో వాట్సాప్ గ్రూపులో అడిగితే దండాలు, పూలు, బొటనవేళ్లు కుప్పలుగా వచ్చాయి. ఆదివారం తాళం తీసుకుని నేను వెళితే గది ముందు ఇద్దరు పిల్లలు ఉన్నారు, పెద్దవాళ్లు ఎవరూ లేరు. సభ రోజు కుర్చీలు మోసింది కూడా ఆడవాళ్లు, టెంటు హౌసు కుర్రాళ్లే. కార్యవర్గంలో పేరు కావాలనే వాళ్లు కుర్చీ కూడా మోయాలని మనవి.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది, ఆడిటరు సంతకం అయింది, కొద్దిగా మిగులు ఉంది. ప్రతి ఏటా ఈ చోట తాత లేచి మజ్జిగ పందిరి ఖర్చు అడిగేవారు. బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి, ఈసారి ఎవరు అడిగినా చూపిస్తాను.

గుడి కమిటీకి, మహిళా సభ్యులకు, డబ్బు తీసుకోని మైకు సెట్టు ఆయనకు, సభ రోజు అందరికీ టీ ఇచ్చిన పక్కింటి బెంగాలీ కుటుంబానికి, చందాలు వేళకు కట్టిన కొద్దిమందికి, ఆలస్యంగానైనా కట్టిన వారికి, వస్తువులు నమ్మి మన చేతికిచ్చిన తాత కుటుంబ సభ్యులందరికీ కృతజ్ఞతలు. కాలిపర్ సంఘం గదిలోనే ఉంచుకోమని మామ్మగారు అన్నారు. గాజు పెట్టె చేయించాలి.

తరగతి ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు. నెలలో మొదటి ఆదివారం తీసుకోవడానికి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఒప్పుకున్నారు. మిగతా ఆదివారాలకు పేర్లు ఈ సమావేశంలోనే తేలాలి, ఆ తర్వాతే భోజనాలు. కొత్త కార్యవర్గానికి నామినేషన్లు కోశాధికారికి ఇవ్వండి. కార్యదర్శి పదవికి నేను ఈసారి నిలబడటం లేదు. ఇంటికొచ్చి బతిమాలవద్దు.

ఇట్లు,
కార్యదర్శి